శుక్ర మౌఢ్యం: ఒక చారిత్రక పరిశీలన

మన అభ్యుదయ కవిత్వంలో వేగుచుక్క పొడవని సంపుటి అరుదు. చీకటి అంటే దోపిడీ, తెల్లవారడం అంటే కొత్త సమాజం, ఆ రెంటి నడుమ రాయబారి వేగుచుక్క. ఈ ప్రతీకతో నాకు పేచీ లేదు. బండి కట్టుకుని సంతకు పోయే రైతుకీ, తెల్లవారుజామున పడవ తోసే బెస్తవాడికీ ఒకప్పుడు గడియారం అదే గనుక, జనం బతుకులోంచి వచ్చిన మాటే అది. అయితే మా కోనసీమ ఊళ్లలో ఆ చుక్కతోనే ముడిపడ్డ మరో మాట ఉంది. ఆ చుక్క కంటికి కనిపించకుండా పోయిన రోజుల్ని 'మూఢం' అంటారు. మూఢంలో పెళ్ళి చెయ్యరు, గృహప్రవేశం చెయ్యరు, శంకుస్థాపన చెయ్యరు. కవి కీర్తించే వేగుచుక్కా, పంచాంగం భయపెట్టే శుక్ర మౌఢ్యమూ ఒకే గోళానికి సంబంధించినవన్న సంగతి మన విమర్శకులు పట్టించుకున్నట్టు నాకు కనబడలేదు. ఆ గోళానికి మన నేలమీద ఒక చరిత్ర ఉంది. దాన్ని సాహిత్య విద్యార్థుల ముందు పెట్టాలని ఈ వ్యాసం.

ముందు మౌఢ్యం అంటే ఏమిటో చూద్దాం. శుక్రుడు మనకంటే సూర్యుడికి దగ్గరగా తిరిగే గ్రహం. 225 రోజుల్లో ఒక చుట్టు పూర్తిచేస్తాడు. మనం నిలబడి ఉన్న భూమి కూడా తిరుగుతోంది గనుక, మన కంటికి అతని నడక సుమారు 584 రోజులకు మళ్ళీ మొదటికి వస్తుంది. ఈ వ్యవధిలో కొన్ని నెలలు తెల్లవారుజామున తూర్పున, కొన్ని నెలలు పొద్దుగూకాక పడమట కనిపిస్తాడు. రెండుసార్లు సూర్యుడి వెలుగులో కలిసిపోతాడు. సూర్యుడికి అవతలి వైపు ఉన్నప్పటి అదృశ్యం రెండు నెలల పైమాటే. సూర్యుడికీ మనకీ నడుమకు వచ్చినప్పటిది పట్టుమని పది రోజులు. ఈ రెంటినీ పంచాంగం మౌఢ్యం అనే అంటుంది. మూఢ శబ్దానికి తెలివి తప్పినవాడని అర్థం. సూర్యుడి దగ్గరకు పోయిన గ్రహానికి తెలివెందుకు తప్పాలో ఎవరూ చెప్పరు.

2024లో ఈ పెద్ద మూఢం ఏప్రిల్ చివర మొదలై జులై మొదటి వారం దాకా సాగింది. మధ్యలో గురు మౌఢ్యం కూడా కలిసింది. వైశాఖ జ్యేష్ఠాలు మామూలుగా పెళ్ళిళ్ల నెలలు. మా కొత్తపేటలో ఆ రెండు నెలలూ సన్నాయి పలకలేదు. మూఢం ఎవరికి నష్టమో తెలుసుకోవాలంటే జ్యోతిష గ్రంథాలు తిరగెయ్యక్కర్లేదు. సన్నాయి, డోలు పట్టే నాయీబ్రాహ్మణుల ఇంటికి వెళితే తెలుస్తుంది. పందిళ్లు వేసేవాళ్లు, వంటమేస్త్రులు, వాళ్ళ వెంట గిన్నెలు కడగడానికి వచ్చే ఆడవాళ్లు, కడియం పూలతోటల్లో దినకూలీలు, రావులపాలెం నుంచి అరిటాకులు, గెలలు మోసుకొచ్చేవాళ్లు, వీళ్ళందరికీ ఆ డెబ్బై రోజులు చేతిలో పని ఉండదు. ముహూర్తం చూసుకునే ఆసామికి పెళ్ళి వాయిదా పడుతుంది, అంతే. వాయిదా పడిన పెళ్ళి ఆగిపోదు. వాయిదా పడిన కూలి మాత్రం తిరిగిరాదు. మూఢం వదిలాక ఒక్క వారంలో పాతిక పెళ్ళిళ్లు వచ్చిపడితే సన్నాయి పట్టేవాడు పాతిక చోట్ల ఉండలేడు గదా. ఆకాశంలో జరిగే ఒక మామూలు సంగతి నేలమీద ఏ వర్గం కంచంలోంచి మెతుకులు తీస్తుందో గమనించడం అభ్యుదయ రచయిత పని అని నేననుకుంటాను.

అలాగని మన పూర్వీకుల ఖగోళశాస్త్రమంతా మూఢనమ్మకమని కొట్టిపారెయ్యడం చరిత్ర తెలియనివాళ్లు చేసే పని. సూర్యసిద్ధాంతం ఒక మహాయుగంలో, అంటే 43,20,000 సంవత్సరాల్లో, శుక్రుడు 70,22,376 చుట్లు తిరుగుతాడని లెక్క ఇచ్చింది. యుగాల మాట పక్కనపెట్టి భాగహారం చేసి చూడండి. ఒక చుట్టుకు 224.6986 రోజులు వస్తుంది. ఆధునికులు కొలిచిన విలువ 224.7008. తేడా మూడు నిమిషాల చిల్లర. తరతరాలుగా తెల్లవారుజామున లేచి తూర్పుదిక్కు చూసినవాళ్ళు సాధించిన లెక్క ఇది. శుక్రుడు సూర్యుడికి ఎన్ని అంశల దగ్గరకు వస్తే కంటికి ఆనకుండా పోతాడో కూడా ఆ గ్రంథం చెప్పింది. మామూలు గతిలో పది అంశలు, వక్రగతిలో ఎనిమిది. వక్రగతిలో ఉన్నప్పుడు శుక్రుడు మనకు దగ్గరగా ఉంటాడు, బింబం పెద్దది, అందువల్ల సూర్యుడికి మరికాస్త దగ్గరదాకా కనిపిస్తాడు. అది కంటితో పట్టిన సత్యం. 'ఇప్పుడు కనబడడు' అన్న ఆ పరిశీలన 'ఇప్పుడు శుభం చెయ్యరాదు' అన్న శాసనంగా మారిన చోటే శాస్త్రం పౌరోహిత్యం చేతిలోకి జారింది.

ఇక్కడ సాహిత్య విద్యార్థులకు ఒక ముక్క. శుక్రుడికి కవి, కావ్యుడు అన్న పేర్లున్నాయి. రాక్షసుల గురువు, మృతసంజీవని తెలిసినవాడు. నన్నయ ఆదిపర్వంలో కచదేవయాని కథ ఇతని ఇంట్లోనే నడుస్తుంది. పోతన వామన చరిత్రలో బలి చేతి కలశానికి అడ్డుపడి, దర్భకొన పోటుకు ఒక కన్ను పోగొట్టుకున్నాడు. దానం పేరుతో రాజ్యమంతా గుంజుకోవడానికి వచ్చినవాణ్ణి ముందుగా గుర్తుపట్టి హెచ్చరించిన ఒకే ఒక్క మనిషి ఈ కవి. కన్ను పోయింది ఆయనకే. పురాణంలో ఒంటికన్ను, పంచాంగంలో మూఢత్వం! చూపు ఉన్నవాడి మీద మన సంప్రదాయానికి ఎందుకో ఇంత కక్ష.

పాశ్చాత్య దేశాల్లో శుక్రుడి కథ మరో దారిలో నడిచింది. 1610లో గెలీలియో దుర్భిణితో చూస్తే శుక్రుడికీ చంద్రుడిలా వృద్ధిక్షయాలు కనబడ్డాయి. అతను సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాడని తేలింది. టాలెమీ కట్టిన విశ్వం కూలడానికి ఇది పెద్ద దెబ్బ. శుక్రుడు సూర్యుడికీ మనకీ నడుమకు వచ్చే సమయాల్లో చాలాసార్లు కొంచెం పైనుంచో కిందనుంచో తప్పుకుపోతాడు. అతని దారి మన దారికి మూడు అంశల చిల్లర వాలి ఉండటమే కారణం. ఎప్పుడో ఒకసారి మాత్రం సరిగ్గా సూర్యబింబం మీదుగా, చిన్న నల్లచుక్కగా దాటిపోతాడు. ఇటీవలి పత్రికలు దీన్ని శుక్ర సంక్రమణం అంటున్నాయి. ఎనిమిదేళ్ళ ఎడంతో రెండు, తర్వాత నూరేళ్ళు దాటేదాకా మరొకటి లేదు. 1639లో జెరెమయా హారక్స్ అనే ఇంగ్లండు కుర్రవాడు దీన్ని లెక్కగట్టి చూశాడు. భూమ్మీద దూరదూరంగా ఉన్న చోట్లనుంచి ఈ దాటడాన్ని గడియారం పట్టి చూస్తే సూర్యుడి దూరం తేలుతుందని 1716లో హేలీ సూచించాడు. అప్పటినుంచి రాజ్యాలు ఈ చుక్కకోసం ఓడలు నడిపాయి.

ఆ ఓడల్లో ఒకటి మన తీరానికి రావలసింది. ఫ్రెంచి ఖగోళజ్ఞుడు లె జెంటీ 1761 సంక్రమణాన్ని పాండిచ్చేరినుంచి చూడాలని బయలుదేరాడు. అప్పటికే ఫ్రెంచివాళ్ళకూ ఇంగ్లీషువాళ్ళకూ మధ్య యుద్ధం సాగుతోంది. 1758 డిసెంబరులో మా గోదావరి ప్రాంతపు చెందుర్తి దగ్గర ఫ్రెంచి సేన ఓడింది. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం పోయింది. 1761 జనవరిలో పాండిచ్చేరే పడిపోయింది. ఆ కబురు విన్న ఓడ దారి మళ్ళింది. జూన్ 6న, సూర్యుడి మీదుగా శుక్రుడు దాటుతుంటే లె జెంటీ నడిసముద్రంలో ఊగుతున్న ఓడమీద ఉన్నాడు. ఊగే ఓడమీద లోలకపు గడియారం పనిచెయ్యదు. పట్టుదల మనిషి, ఎనిమిదేళ్ళు తూర్పు సముద్రాల్లోనే ఉండిపోయాడు. 1769 నాటికి పాండిచ్చేరి మళ్ళీ ఫ్రెంచివాళ్ళదయింది, వేధశాల కట్టుకున్నాడు. ఆ ఉదయం మబ్బు పట్టింది. 1771లో ఇల్లు చేరేసరికి అతను చచ్చిపోయాడనుకుని అకాడమీలో స్థానం మరొకరికి ఇచ్చేశారు. మా పక్కనున్న యానాం చరిత్ర చదివేవాళ్ళు దుకాణాల లెక్కలతో, సంధి పత్రాలతో ఆగిపోతారు. ఆ యుద్ధంలో ఓడిపోయినవాటిలో ఒక మనిషి పదకొండేళ్ళ నిరీక్షణ కూడా ఉంది.

తర్వాతి సంక్రమణం 1874 డిసెంబరు 9న వచ్చింది. ఈసారి దాన్ని చూడటానికి తెలుగునేల మీద ఒక తెలుగువాడు సిద్ధంగా ఉన్నాడు.

విశాఖపట్నంలో గోడె వెంకట జగ్గారావు అనే జమీందారు ఉండేవాడు. మద్రాసు వేధశాలలో టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని, 1840లో విశాఖపట్నంలోని డాబా గార్డెన్స్‌లో సొంత వేధశాల పెట్టుకున్నాడు. డాల్ఫిన్స్ నోస్ కొండమీది జెండా కొయ్య ద్వారా ఊరికీ ఓడలకూ వేళ తెలిపే ఏర్పాటు చేసింది ఈయనే. 1856లో జగ్గారావు చనిపోయాక ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ప్రభుత్వోద్యోగం వదులుకుని వేధశాల బాధ్యత తీసుకున్నాడు. అప్పటి తెలుగునేల ఖగోళ ప్రపంచానికి కొత్త కాదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. భూమ్మీద ఇంకా ఎవరూ ఎరగని హీలియం జాడ దొరికింది ఆ గ్రహణపు వెలుగులోనే. నరసింగరావు 1871లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1874 డిసెంబరు 9 ఉదయం తన వేధశాలనుంచి శుక్రుడి దాటును పరిశీలించి, ఆ వివరాలు సొసైటీ పత్రికకు పంపాడు. విశాఖ వేళ ప్రకారం ఏడు గంటలు దాటాక మొదలై దాదాపు మిట్టమధ్యాహ్నం దాకా, నాలుగున్నర గంటల సేపు, సూర్యుడి వెడల్పులో ముప్పయ్యో వంతున్న ఒక నల్లచుక్క మెల్లగా జరిగింది.

ఆ రోజు పంచాంగం ఏమన్నట్టు? శుక్రుడు సూర్యుడికి ఎదురుగా, అంతకంటే దగ్గరకు పోలేనంత దగ్గరగా ఉన్నాడు. మౌఢ్యానికి నట్టనడుమ. శాస్త్రప్రకారం గ్రహం 'మూఢమై' పనికిరాకుండా పోయిన రోజు. మానవజాతికి శుక్రుడు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన రోజు సరిగ్గా అదే. సూర్యుడి దూరం తేల్చడానికి హవాయి నుంచి న్యూజిలాండు దాకా మనుషులు ఆ చుక్కను చూస్తున్నారు. విశాఖలో ఒక తెలుగువాడు చూస్తున్నాడు. మా గోదావరి జిల్లాల్లో మాత్రం ఆ రోజు ఎవరింటా పందిరి లేచి ఉండదు.

నరసింగరావును ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. ఆ దుర్భిణి డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న వెయ్యకుండా వదలలేం. అది రైతు కట్టిన శిస్తు. రెండేళ్ళు తిరగకముందే 1876-78 మహాక్షామం మద్రాసు రాజధానిలో లక్షలాది జనాన్ని మింగింది. శుక్రుడికోసం ప్రపంచం చుట్టూ బృందాలను పంపిన సామ్రాజ్యం కరువులో గంజికి కొలతలు పెట్టింది. కాని ఆ కాలపు జమీందార్లు భోగంమేళాలకూ వ్యాజ్యాలకూ తగలేసిన సొమ్ముతో పోలిస్తే, ఈ మామాఅల్లుళ్ళు చేసిన ఖర్చును వేరే ఖాతాలో రాయక తప్పదు. వాళ్ళ పని మనకు అందకుండా పోవడానికి వేరే కారణం ఉంది. అది లండన్ పత్రికలో ఇంగ్లీషులో అచ్చయి అక్కడే ఆగింది. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి అదే 1874లో ఈ సంక్రమణం గురించి సామాన్యులకోసం చిన్న పుస్తకం రాసి, ఇంగ్లీషుతోపాటు కన్నడం, ఉర్దూ వంటి భాషల్లో వేయించాడు. కంటికి కనబడేదానితో లెక్క సరిపోవాలని దృగ్గణిత పంచాంగం తెచ్చినవాడు కూడా ఆయనే. జమీందారు దుర్భిణి కంటే వేధశాల ఉద్యోగి కరపత్రం గొప్పదని నా అభిప్రాయం.

ఆ సంవత్సరమే, 1874 అక్టోబరులో, కందుకూరి వీరేశలింగం 'వివేకవర్ధని' మొదలుపెట్టాడు. విశాఖలో దుర్భిణి, గోదావరి తీరంలో పత్రిక, రెండు నెలల తేడాలో రెండూ మూఢత్వం మీదికే గురిపెట్టినవి. రెండూ ఒకదాన్నొకటి కలుసుకున్న జాడ లేదు. ఆకాశమూ సంస్కరణా మన సాహిత్యంలో కలుసుకోవడానికి 1910 దాకా ఆగాలి. ఆ ఏడు హేలీ తోకచుక్క వచ్చినప్పుడు జనమంతా అరిష్టమని వణుకుతుంటే, గురజాడ 'ముత్యాల సరములు'లో దాన్ని సంఘసంస్కరణ పతాకగా చూశాడు. విశాఖకు కూతవేటు దూరంలోని విజయనగరంలో కూర్చుని ఆ చూపు సాధించడం గాలివాటు అనుకోను.

నరసింగరావు 1892లో కన్నుమూశాక వేధశాలను నిలబెట్టే భారం ఆయన భార్య అచ్చయ్యమ్మ మీద పడింది. ఆమె జగ్గారావు కూతురు. విశాఖలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల పేరు మనలో ఎంతోమంది రోజూ పలుకుతారు. ఆ పేరులో 'ఎ.వి.ఎన్.' అంటే భర్త పేరు. ఆమె వాటాకు వచ్చింది 'మిసెస్' అన్న మాట ఒక్కటే. దానమిచ్చిన స్త్రీ సొంత పేరు బోర్డుమీదికి ఎక్కలేదు. ఇప్పుడు శుక్రగ్రహం పటం తెరిచి చూడండి. అంతర్జాతీయ ఖగోళ సంఘం ఆ గ్రహం మీది స్థలాలకు, రెండు మూడు మినహాయింపులు తప్ప, అన్నీ స్త్రీల పేర్లే పెట్టింది. ఒక పెద్ద పీఠభూమి పేరు లక్ష్మి. శుక్రవారం లక్ష్మి ఇల్లు దాటిపోతుందని డబ్బు బయటికివ్వని మన ఇల్లాళ్ళు వింటే నవ్వుకుంటారు. ఒక గొయ్యి పేరు జోషీ. పాశ్చాత్య వైద్యంలో పట్టా పొందిన తొలి భారతీయ మహిళల్లో ఒకరైన ఆనందీబాయి జోషీ పేరది. ఇంకొకటి పండిత రమాబాయి పేర మేధావి. అచ్చయ్యమ్మకు విశాఖలో దొరకని గౌరవం స్త్రీజాతికి శుక్రుడి మీద దొరికింది.

ఇంతకూ ఆ గ్రహం ఎలాంటిది? వేగుచుక్క అని రాసే ప్రతి కవికీ ఇది తెలిసి ఉండాలి. పరిమాణంలో భూమికి కవల. వ్యాసం 12,104 కిలోమీటర్లు. మనలాగే రాతి నేల. పోలిక అక్కడితో సరి. గాలిలో నూటికి తొంభై ఆరు పాళ్ళు బొగ్గుపులుసు వాయువు. నేలమీద వత్తిడి మన గాలికి సుమారు తొంభై రెండు రెట్లు. వేడి 465 డిగ్రీల దాకా, సీసం కరిగి నీరైపోయేటంత. మనం మురిసిపోయే ఆ తెల్లని కాంతి గంధకామ్లపు మబ్బుల మీంచి తిరిగివచ్చే ఎండ. గ్రహం తన చుట్టూ తాను తిరగడానికి 243 రోజులు తీసుకుంటుంది, అదీ ఎదురుదిక్కున. కాబట్టి వేగుచుక్క మీద పొద్దు పడమట పొడుస్తుంది! ఒక పొద్దుకూ మరో పొద్దుకూ మధ్య మన లెక్కలో 117 రోజులు పడతాయి.

ఇవన్నీ కూర్చుని ఊహించినవి కావు. 1970 డిసెంబరు 15న సోవియట్ వెనెరా-7 ఆ నేలమీద దిగి 23 నిమిషాలు మాట్లాడింది. మరో గ్రహం నేలనుంచి భూమికి వచ్చిన మొదటి కబురు అదే. 1975 అక్టోబరులో వెనెరా-9 మొదటి ఫొటో పంపింది. 1982 మార్చిలో వెనెరా-13 ఆ కొలిమిలో 127 నిమిషాలు బతికి రంగుల ఫొటోలు పంపింది: నారింజరంగు వెలుగులో పలకలు పలకలుగా పగిలిన రాయి. 1985లో వెగా నౌకలు ఆ మబ్బుల్లో బుడగలు ఎగరేశాయి. (వెనెరా, హేలీ మాటల రష్యను రూపాలు కలిపి కట్టిన పేరది. మన చెవికి వేగుచుక్కలో సగంలా వినబడుతుంది.) విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికిన సోవియట్ పుస్తకాల్లో గ్రహాల సంగతులు చదివిన తరం మాది. ఆ దేశం ఇప్పుడు లేదు. ఆ రాళ్ళమీద దాని యంత్రాలు ఇంకా పడి ఉన్నాయి.

భూమి వేడెక్కుతోందని 1988లో అమెరికా సెనేట్ ముందు సాక్ష్యమిచ్చిన జేమ్స్ హాన్సెన్ మొదట పరిశోధించింది శుక్రుడి మబ్బుల్నే. బొగ్గుపులుసు వాయువు దుప్పటిలా కప్పితే ఒక గ్రహం ఏమవుతుందో ఆయన అక్కడ నేర్చుకున్నాడు. అంతర్వేది, ఓడలరేవు దగ్గర సముద్రం అంచున కూర్చున్న మా సీమకు ఇది దూరపు కథ కాదు. శుక్రుడికి నిజంగా భయపడవలసి వస్తే భయపడవలసింది ఈ సంగతికి.

సంక్రమణాలతో సూర్యుడి దూరం కచ్చితంగా తేలుతుందని ఆశించినంత జరగలేదు. బింబాల అంచులు తాకేచోట నల్లని బొట్టులా సాగి, తాకిన క్షణం ఏదో ఎవరికి వారు ఒక్కోలా రాసుకున్నారు. 1961లో శుక్రుడి మీదికి రాడార్ తరంగాలు పంపి, అవి తిరిగివచ్చిన వేళను కొలిచాక లెక్క కుదిరింది. 14 కోట్ల 96 లక్షల కిలోమీటర్లు. సంక్రమణం 2004 జూన్ 8న, 2012 జూన్ 6న మళ్ళీ వచ్చింది. 2004లో వెల్డింగు అద్దంలోంచి నేనూ చూశాను: సూర్యుడి మీద ఆవగింజంత నలుసు. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 1,236 కోట్ల రూపాయలతో శుక్రుడి చుట్టూ తిరిగే భారతీయ నౌకకు అనుమతినిచ్చింది. సూర్యుడి మీదుగా శుక్రుడు మళ్ళీ దాటేది 2117 డిసెంబరు 11న. కొత్తపేటలో ఆ రోజు పొద్దు పొడిచేసరికే చుక్క బింబం మీద ఉంటుంది. ఆ రోజు కూడా, పంచాంగం లెక్కన, శుక్ర మౌఢ్యమే.